గాజు మీద తీగల దారి: డిస్‌ప్లే వైరింగ్ పేటెంట్ దరఖాస్తును ఎలా పరీక్షిస్తారు

క్లుప్తంగా: ఫోను, టీవీ తెరల లోపల తీగలు ఏ దారిన పోవాలన్న దానిపైనా పేటెంట్లు ఉంటాయి. తీగల అమరికను గీసిన బొమ్మకు మాత్రం భారత చట్టం పేటెంట్ ఇవ్వదు. ఆ అమరిక ఏ సాంకేతిక చిక్కును ఏ నిర్మాణంతో తీర్చిందో దానికి ఇస్తుంది. ఆ సంగతి దరఖాస్తు రాతలో మొదటే లేకపోతే తర్వాత చేర్చడం కుదరదు. ‘పబ్లిష్’ అయిన దరఖాస్తు, మంజూరైన పేటెంట్ ఒకటి కావు.

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల సెల్‌ఫోన్ రిపేర్ షాపులకు పచ్చ గీత పడ్డ ఫోన్లు వస్తూనే ఉంటాయి. పై నుంచి కింది దాకా వెంట్రుక మందాన ఒక గీత, ఏ యాప్ తెరిచినా చెరగదు. “లైను పడ్డది అన్నా, కాంబో (తెర, టచ్ కలిసిన ముక్క) మార్చాలె” అన్న ఒక్క మాటతో అక్కడ విషయం తేలిపోతుంది. గీత అంత తిన్నగా, నిలువుగా ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు జవాబు తెర వెనక తీగల అమరికలో ఉంది. సామ్‌సంగ్ డిస్‌ప్లే, ఎల్‌జీ డిస్‌ప్లే, బీఓఈ వంటి కంపెనీలు పేటెంట్ దరఖాస్తుల మీద దరఖాస్తులు వేసేది ఈ అమరిక కోసమే.

ఇటు జిల్లా పేజీల్లో “ఫలానా ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకులకు పేటెంట్” అన్న వార్తలు తరచూ కనిపిస్తుంటాయి. అందులో అన్నీ పేటెంట్లు కావు. కొన్ని డిజైన్ రిజిస్ట్రేషన్లు, మరికొన్ని దరఖాస్తు దశలోనే ఉన్నవి. ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థికి కూడా ఈ తేడాలు తెలిసే అవకాశం తక్కువ, సిలబస్‌లో ట్రాన్సిస్టర్ ఉంటుంది గానీ క్లెయిమ్ (దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం) ఉండదు. పేటెంట్ పరీక్షలో తీగల అమరిక కాస్త ప్రత్యేకమైన కేసు కాబట్టి దాని ద్వారా చూస్తే మిగతా తంతు కూడా అర్థమవుతుంది.

పడుగు, పేక, మధ్యలో స్విచ్చి

వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసే మగ్గం చూసినవాళ్లకు ప్యానెల్ నిర్మాణం కొత్తగా అనిపించదు. నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. తెరలో నిలువుగా పోయే డేటా లైన్లు పడుగు అనుకుంటే, అడ్డంగా పోయే గేట్ లైన్లు పేక. మగ్గం మీద పోగులు ఒకదాన్నొకటి తాకితేనే బట్ట అవుతుంది, ఇక్కడ తాకితే షార్టు. అందుకే రెండు వరుసల మధ్య ఇన్సులేటర్ పొర వేస్తారు. అవి ఒకదాన్నొకటి దాటే ప్రతి చోటా ఒక థిన్ ఫిల్మ్ ట్రాన్సిస్టర్ స్విచ్చిలా కూర్చుంటుంది. 1970ల మొదట్లో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్‌లో పీటర్ బ్రాడీ బృందం ఎల్‌సీడీ తెరకు చేసి చూపిన పద్ధతి ఇదే. యాక్టివ్ మ్యాట్రిక్స్ అనే ఆ మూల సూత్రం నేటికీ మారలేదు.

ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు భాగాలు కాబట్టి డేటా లైన్లు 5,760, గేట్ లైన్లు 1,080 అవుతాయి. ఎల్‌సీడీ అయితే అవి దాటుకునే చోట్ల స్విచ్చులే 62 లక్షలకు పైగా ఉంటాయి. ఒక గేట్ లైనుకు వోల్టేజీ అందితే ఆ వరుసలో ఉన్న స్విచ్చులన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి, డేటా లైన్ల నుంచి వచ్చే వోల్టేజీ పిక్సెళ్లలోకి చేరుతుంది. తర్వాత కింది వరుస వంతు. నిలువు గీత పడిందంటే సాధారణంగా ఒక డేటా లైనో, తీగలకు సంకేతాలు పంపే డ్రైవర్ చిప్‌కు అది కలిసే అతుకో చెడిందని అర్థం. అడ్డ గీత అయితే అనుమానం గేట్ లైను మీదికి పోతుంది.

సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కో వరుసకు దక్కేది సుమారు 15 మైక్రోసెకండ్లు. 4కే తెరలో 2,160 వరుసలు కాబట్టి అది సగానికి పడిపోతుంది. 120 హెర్ట్జ్ అంటే మళ్లీ అందులో సగం, నాలుగు మైక్రోసెకండ్లు కూడా ఉండదు. ఆ లోపలే తీగ చివర ఉన్న పిక్సెల్‌కు కూడా వోల్టేజీ నిండాలి. తీగకు నిరోధం ఉంది, పక్క తీగలతో కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవ చేసుకునే గుణం) ఉంది. ఈ రెండింటి లబ్ధం ఎంత పెరిగితే వోల్టేజీ అంత ఆలస్యంగా చేరుతుంది. తెర ఒక అంచు మసకగా, ఇంకో అంచు ప్రకాశంగా కనబడితే ఈ ఆలస్యం కూడా ఒక కారణం కావచ్చు.

అంచు దగ్గర ఇరుకు

తెర మధ్యలో తీగలన్నీ తిన్నగా, ఒకే కొలతలో పోతాయి. పేచీ అంచు దగ్గర మొదలవుతుంది. అరచేతి వెడల్పున పరుచుకున్న వేల తీగలు అంగుళమంత డ్రైవర్ చిప్ దగ్గరికి వచ్చి చేరాలి. విసనకర్ర పుల్లల్లా దగ్గరికొచ్చే ఈ భాగాన్ని ఫ్యాన్-అవుట్ అంటారు. చిప్‌కు ఎదురుగా ఉన్న మధ్య తీగలు పొట్టిగా, పక్కల నుంచి ఏటవాలుగా వచ్చేవి పొడుగ్గా ఉంటాయి.

లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. 4 మైక్రాన్ల వెడల్పు, 0.4 మైక్రాన్ల మందం ఉన్న అల్యూమినియం తీగ అనుకుందాం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 60 మిల్లీమీటర్ల పొడవుకు దాని నిరోధం సుమారు 1,000 ఓమ్‌లు, 20 మిల్లీమీటర్లకు 330. పక్కపక్క తీగల్లో ఈ మార్పు కొద్దికొద్దిగా ఉండటం వల్ల కన్ను వెంటనే పట్టదు గానీ, మధ్య నుంచి చివరికి వచ్చేసరికి మూడు రెట్లయింది. దీన్ని సరిచేసే పాత చిట్కా మధ్య తీగలను పాములా మెలికలు తిప్పి పొడవు పెంచడం. మెలికలకు చోటు కావాలి. చోటు ఇస్తే తెర కింద నల్ల పట్టీ వెడల్పవుతుంది, ఆ పట్టీ కనబడకూడదనేది ఫోన్ల మార్కెట్‌లో నేటి పోటీ.

వైరింగ్ పేటెంట్లలో పెద్ద వంతు ఈ ఇరుకు నుంచి పుట్టినవే. కెమెరా కోసం తెరకు చిల్లు పెడితే తీగలు దాన్ని చుట్టి పోవాలి. చుట్టిన తీగ పొడవవుతుంది, చిల్లు పక్క పిక్సెళ్లు తగ్గిన వరుసకు కెపాసిటెన్స్ తగ్గుతుంది. గేట్ డ్రైవర్‌ను విడి చిప్‌గా పెట్టకుండా గాజు మీదనే ట్రాన్సిస్టర్లతో కడితే పక్క అంచు సన్నబడుతుంది, వరుసల వంతును నడిపే దాని క్లాక్ తీగలకు మళ్లీ వేరే దారి వెతకాలి. పిక్సెల్ తానే వెలిగే ఓలెడ్ తెరల్లో ఇంకో తలనొప్పి ఉంది. పిక్సెల్ వెలగడానికి కరెంటు ధారగా కావాలి కాబట్టి సరఫరా తీగ పొడవునా వోల్టేజీ కొంత కొంత పడిపోతుంది.

ఒకే తీగ, వేర్వేరు చట్టాలు

తీగల అమరికను రక్షించుకోవాలనుకునేవాళ్ల ముందు మూడు చట్టాలు ఉన్నాయి. గందరగోళం పుట్టే చోటు ఇదే.

డిజైన్స్ చట్టం, 2000 కంటికి కనబడే రూపాన్ని కాపాడుతుంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనిలోనూ సన్నని తీగల మెలికలే ఉంటాయి. అక్కడ మెలిక అందం కోసం కాబట్టి కొత్త నమూనాను డిజైన్‌గా నమోదు చేసుకునే వీలుంది. గాజు పొరల మధ్య మైక్రాన్ల మందాన ఉండే తీగను కొనేవాడు చూడడు, అది అక్కడ ఉన్నది పని కోసం. వాడుకలో ‘డిజైన్ పేటెంట్’ అనే మాట స్థిరపడింది గానీ భారతదేశంలో ఆ పేరుతో పేటెంట్ లేదు. ఉన్నది డిజైన్ రిజిస్ట్రేషన్.

రెండోది సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్స్ లేఅవుట్-డిజైన్ చట్టం, 2000. ట్రాన్సిస్టర్లు, వాటిని కలిపే తీగల అమరికను ఇది పదేళ్లపాటు కాపాడుతుంది. ఇది నకలు నుంచి మాత్రమే రక్షణ. మరొకరు సొంతంగా ఆలోచించి అచ్చం అలాంటి అమరికే గీసుకుంటే తప్పు కాదు, పరిశోధనకో బోధనకో విప్పి చూడటమూ తప్పు కాదు.

మూడోది పేటెంట్స్ చట్టం, 1970. ఇది 20 ఏళ్ల హక్కు ఇస్తుంది, సొంతంగా కనిపెట్టుకున్నవాడిని కూడా ఆపగలదు. హక్కు ఇంత బలమైనది కాబట్టి గేటు కూడా ఇరుకే. సెక్షన్ 3(ఓ) ప్రకారం ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల టోపోగ్రఫీ, అంటే చిప్ మీది అమరిక పటం, పేటెంటుకు అర్హం కాదు. 2002 సవరణతో వచ్చిన ఈ నిబంధనను దాని తోడు చట్టంతో కలిపి చదవాలి. లేఅవుట్ చట్టం ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను నిర్వచిస్తూ సెమీకండక్టర్ మీదే కాదు, ఇన్సులేటర్ మీద విడదీయరాకుండా ఏర్పడ్డ ట్రాన్సిస్టర్లను కూడా కలుపుకుంది. గాజు ఇన్సులేటరే. అంటే ఆ మాటలను పట్టుకుంటే డిస్‌ప్లే గాజు మీది ట్రాన్సిస్టర్ల వలను కూడా టోపోగ్రఫీ అనే వాదనకు దారి ఉంది. “తీగ ఇలా పోయి అలా తిరిగింది” అని మాత్రమే రాసిన క్లెయిమ్ ఈ అభ్యంతరాన్ని కోరి తెచ్చుకున్నట్టే. ప్యానెల్ అనే వస్తువును, పొరలను, వాటి మధ్య సంబంధాన్ని, దానివల్ల వచ్చే ఫలితాన్ని పట్టుకుని రాసిన క్లెయిమ్‌కు ఆ ఇబ్బంది తక్కువ.

సెక్షన్ 3(ఎఫ్) కూడా పక్కనే ఉంది. దేని పని అది వేరుగా, తెలిసిన తీరులోనే చేసుకునే పరికరాలను వట్టిగా మరో వరుసలో అమరిస్తే అది ఆవిష్కరణ కాదు. తీగ చోటు మారితే పక్క తీగ ప్రవర్తన కూడా మారిందని చూపగలిగితే ఈ అభ్యంతరం పలచబడుతుంది.

ఎగ్జామినర్ బల్ల మీద

తెలంగాణ నుంచి వేసే దరఖాస్తు చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది. పరీక్ష కోరుతూ విడిగా ఫారం 18 వేయాలి. అది వేయకపోతే దరఖాస్తును ఎవరూ తెరవరు. 2024 మార్చిలో మారిన నియమాల ప్రకారం దీనికి గడువు తొలి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలలు, అంతకుముందు 48 ఉండేది.

ఊహకు ఒక దరఖాస్తు తీసుకుందాం. మొదటి క్లెయిమ్ ఇలా ఉంది: గాజు పలక, దాని మీద చూపు ప్రాంతం, అంచున ఫ్యాన్-అవుట్, అందులో పొడుగు తీగ ఒకటి, పొట్టి తీగ ఒకటి, రెంటి నిరోధం సమానమయ్యేలా పొట్టి తీగకు మెలికలు. ఎగ్జామినర్, అంటే దరఖాస్తును పరీక్షించే అధికారి, ముందు పాత పత్రాలను వర్గీకరణ సంకేతాలతో వెతుకుతారు. ఎల్‌సీడీలో ఎలక్ట్రోడ్లను బయటి కొసలకు కలిపే తీగలకు జి02ఎఫ్ 1/1345, ఓలెడ్ తెరల్లో తీగలకు హెచ్10కె 59/131 వంటివి. జపాన్, కొరియా, చైనా పత్రాలు కుప్పగా వస్తాయి. మెలికల తీగ వాటిలో ఎన్నోసార్లు కనబడుతుంది. మొదటి క్లెయిమ్‌కు కొత్తదనం లేదు, అక్కడితో దాని కథ ముగిసింది.

రెండో క్లెయిమ్: పొట్టి తీగను అల్యూమినియం పొరలో కాకుండా కింది మాలిబ్డినం పొరలో వేస్తారు. మాలిబ్డినం నిరోధకత అల్యూమినియానికి దాదాపు రెట్టింపు. అదే వెడల్పు, మందంతో 1,000 ఓమ్‌లు రావడానికి 60 మిల్లీమీటర్లు అక్కరలేదు, 30 చాలు. అంటే మెలికల్లో కూర్చాల్సిన అదనపు పొడవు 40 నుంచి 10 మిల్లీమీటర్లకు తగ్గింది. ఇది కొలవదగ్గ లాభం. ఎగ్జామినర్‌కు రెండో పాత పత్రం దొరుకుతుంది, అందులో ఫ్యాన్-అవుట్ తీగలను ఒకటి విడిచి ఒకటి రెండు లోహ పొరల్లో వేశారు. అక్కడ ఉద్దేశం తీగలు దగ్గరైనా షార్టు కాకుండా చూడటం, నిరోధం సమం చేయడం కాదు. ఈ రెండు పత్రాలనూ కలపడం ఆ రంగంలో పనిచేసే మామూలు ఇంజినీరుకు తోచేదేనా అన్నది ఇప్పుడు ప్రశ్న.

జవాబు దేశాన్ని బట్టి కాస్త మారుతుంది. ఐరోపా కార్యాలయం దరఖాస్తుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న పాత పత్రాన్ని తీసుకుని, దానికీ దరఖాస్తుకూ తేడా ఏమిటి, ఆ తేడా ఏ సమస్యను తీర్చింది అని వరుసగా అడుగుతుంది. ఇంజినీరు అలా చేయగలడా అన్నది అక్కడ చాలదు, చేసి ఉండేవాడా అన్నది తేలాలి. అమెరికాలో 2007 నాటి కేఎస్ఆర్ తీర్పు తర్వాత, తెలిసిన వాటిని కలిపి ఊహించదగ్గ ఫలితమే రాబడితే అది తోచేదే అన్న వాదనకు బలం పెరిగింది. భారత చట్టం సెక్షన్ 2(1)(జెఎ)లో సాంకేతిక ముందడుగు గానీ ఆర్థిక ప్రాధాన్యం గానీ రెండూ గానీ ఉండాలని, దానితోపాటు ఆ రంగం తెలిసినవాడికి అది తోచనిదై ఉండాలని అంటుంది. ఈ విషయంలో తరచూ ఎత్తిచూపే సుప్రీంకోర్టు తీర్పు 1978 నాటిది, బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసు. గిన్నెలను తిప్పి చెక్కేటప్పుడు పట్టి ఉంచే పరికరం మీద ఆ పేటెంట్. వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే మెరుగుదల కంటే మించినది ఉండాలని చెప్పిన కోర్టు ఆ పేటెంటును నిలబెట్టలేదు.

మూడో క్లెయిమ్ దగ్గర అసలు విషయం బయటికొస్తుంది. కింది పొరలోకి దించిన తీగ ఇంకో ఎలక్ట్రోడ్‌కు దగ్గరై కెపాసిటెన్స్ పెరుగుతుంది. నిరోధాన్ని మాత్రమే సమం చేస్తే ఆలస్యం సమం కాదు. కాబట్టి దరఖాస్తుదారు నిరోధాన్ని కావాలనే కొంచెం తక్కువ ఉంచి, ఆ ఎలక్ట్రోడ్‌ మీద తీగ ఎంతమేర పడుతుందో (అతివ్యాప్తి) లెక్క కట్టి, నిరోధం, కెపాసిటెన్స్‌ల లబ్ధం రెండు తీగల్లోనూ సమమయ్యేలా అమర్చాడు. నిరోధం సమం చేయమన్న మెలికల తీగ పత్రం చెప్పినదానికి ఇది ఎదురు దిశ. వాదించడానికి చోటు ఉన్నది ఇక్కడే. తెలిసిపోయాక పొడుపుకథ ఎవరికైనా తేలికే, దారి చూశాక “ఇందులో ఏముంది” అనిపించడమూ అలాంటిదే. ఆ మాటకు ఎదురుగా దరఖాస్తుదారు చూపగలిగేది స్పెసిఫికేషన్‌లో, అంటే ఆవిష్కరణను వివరించే దరఖాస్తు రాతలో, ముందే రాసుకున్న కారణం, లెక్క, పోలిక పట్టిక.

అవి రాయకపోతే? తొలి పరీక్ష నివేదిక వచ్చాక జవాబుకు 6 నెలలు, రుసుము కట్టి గడువు పెంచుకునే వీలూ ఉంది. కానీ సెక్షన్ 59 ప్రకారం ఆ దశలో క్లెయిమ్‌ను కుదించుకోవచ్చు, పొరపాటు దిద్దుకోవచ్చు, ఉన్నదాన్ని విడమరిచి చెప్పొచ్చు. మొదట లేని విషయాన్ని లోపలికి తేవడానికి వీల్లేదు.

బొమ్మ చెప్పేది, చెప్పనిది

ఈ రంగంలో సాక్ష్యం ఎక్కువగా బొమ్మల్లోనే ఉంటుంది. పాత పేటెంట్ రాతలో ఒక్క ముక్క లేకపోయినా దాని నాలుగో పటంలో మెలిక స్పష్టంగా కనిపిస్తే అది కొత్తదనాన్ని దెబ్బతీయగలదు. అదే పటం మీద స్కేలు పెట్టి “ఇక్కడ వెడల్పు అక్కడికి సగం ఉంది” అనడం వేరే సంగతి. పటం కొలత ప్రకారం గీశామని పత్రం చెప్పనప్పుడు అలా కొలిచి తీసిన అంకెలను ఆధారంగా తీసుకోకూడదని అమెరికా, ఐరోపా మార్గదర్శకాలు చెబుతాయి.

క్లెయిమ్ భాష కూడా దీన్నిబట్టే ఏర్పడింది. “మొదటి తీగ యొక్క లంబ ప్రక్షేపం రెండో తీగ యొక్క లంబ ప్రక్షేపంతో కొంతమేర అతివ్యాపిస్తుంది” వంటి వాక్యాలు ఈ పేటెంట్లలో పేజీల కొద్దీ వస్తాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పడే నీడల్లా రెండు తీగల నీడలు పలక మీద ఒకదానిపై ఒకటి పడతాయని దాని భావం. చదవడానికి విసుగే. పొరలు ఎనిమిదో పదో ఉన్న వస్తువులో “పైన”, “పక్కన” అంటే ఏది దేనికి పైనో తేలదు కాబట్టి వేరే దారి లేదు.

పేపర్లో వచ్చిన పేటెంట్

దరఖాస్తు వేసిన 18 నెలలకు అది అధికారిక జర్నల్‌లో అచ్చవుతుంది. అదనపు రుసుము కడితే ఇంకా ముందే అచ్చు వేయించుకోవచ్చు. అప్పటికి ఎగ్జామినర్ దాన్ని చూసి ఉండకపోవచ్చు. పత్రికలకు చేరే ‘పేటెంట్ వచ్చింది’ కబుర్లలో కొన్ని ఈ దశవే. కాలేజీలకు ర్యాంకింగుల్లో, గుర్తింపు దరఖాస్తుల్లో పేటెంట్ల లెక్క అడగడం ఈ తొందరకు ఒక కారణం. దరఖాస్తు నంబరుతో పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో స్థితి చూస్తే ఎవరికైనా నిజం రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఖర్చు భయపడినంత లేదు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్ష రుసుము 4,000. పెద్ద కంపెనీలకు అవే 8,000, 20,000. విద్యాసంస్థలకు ఈ తగ్గింపు 2021లో వచ్చింది. అసలు ఖర్చు స్పెసిఫికేషన్ రాయించడంలో ఉంటుంది.

ఇక్కడ దేనికి తేడా పడుతుంది

డిస్‌ప్లే గాజు దేశంలో తయారవ్వాలన్న ప్రయత్నం కాగితం మీద బలంగానే ఉంది. 2021 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన 76 వేల కోట్ల రూపాయల సెమీకండక్టర్ పథకంలో డిస్‌ప్లే ఫ్యాబ్‌లకూ, అంటే తెరల తయారీ కర్మాగారాలకూ, చోటుంది. 2022 జూన్‌లో రాజేశ్ ఎక్స్‌పోర్ట్స్ తెలంగాణలో 24 వేల కోట్లతో అమోలెడ్ (యాక్టివ్ మ్యాట్రిక్స్ ఓలెడ్) ఫ్యాబ్ పెడతామని ప్రకటించింది. మన దగ్గర టీవీలు బిగించేవాళ్లు వాడే ఓపెన్ సెల్ గాజు (వెనక లైటు బిగించని ప్యానెల్) మాత్రం ఎక్కువగా బయటి నుంచి వచ్చేదే. వైరింగ్ పేటెంట్ బరువు పడేది ఆ గాజు తయారుచేసేవాళ్ల మీద, దిగుమతి చేసేవాళ్ల మీద. హన్మకొండలో కాంబో మార్చే షాపుకు దీనితో నేరుగా పేచీ వచ్చే సందర్భాలు అరుదు. ప్యానెల్ ధరలో లైసెన్స్ సొమ్ము కలిసి వచ్చే మేరకే దాని జేబుకు తగులుతుంది.

ఫ్యాబ్ రాకముందే వరంగల్‌లో ఉపయోగపడేది రాతపని, వెతుకులాట పని. పాత పత్రాలు వెతికి పోల్చడానికి ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు కావాలి. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయడానికి సైన్సు లేదా ఇంజినీరింగ్ డిగ్రీ చాలు, లా చదవనక్కరలేదు. ఏటా ఇంజినీరింగ్ పట్టాతో హైదరాబాద్ బస్సెక్కేవాళ్లలో ఈ దారి ఉందని తెలిసినవాళ్లు తక్కువే.

క్యాంపస్‌లలో చేజారిపోయేది ఎక్కువగా తేదీల దగ్గర. వరంగల్ ఎన్ఐటీ టెక్నోజియాన్ వంటి టెక్ ఫెస్ట్‌లో పోస్టరు గోడకెక్కి పదిమందీ చూశాక అది బయటపడ్డ సమాచారమే, దానితో కొత్తదనం పోతుంది. సెక్షన్ 31 ఇచ్చే 12 నెలల వెసులుబాటు ప్రభుత్వం గెజెట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకు, విద్వత్సభల్లో చదివిన పత్రాలకు వర్తిస్తుంది, కాలేజీ ఫెస్ట్ అని పేరుంటే దానంతటది వర్తించదు. అమెరికా, జపాన్, కొరియాల్లో ఏడాది గడువు దొరుకుతుంది, ఐరోపాలో దాదాపు లేదు. పోస్టరు కంటే ముందు తాత్కాలిక దరఖాస్తు వేస్తే ఆ తేదీ చేతిలో ఉంటుంది, పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వడానికి అక్కడి నుంచి 12 నెలలు. మెలికల తీగకు సిమ్యులేషన్ నడిపి, రెండు పొరల్లో నిరోధం, కెపాసిటెన్స్ కొలిచి, పాత అమరికతో పోల్చిన పట్టిక తయారు చేసుకోవాల్సింది ఆ 12 నెలల్లోనే.